ఎల్లమీది నీరు: జుక్కల్ సీమ జలాధారముల చరిత్ర

కడప మండలమునందలి పోరుమామిళ్ళలో భైరవాలయము ముందర రెండు శిలాఫలకములు కలవు. అవి శాలివాహన శకము 1291, అనగా క్రీస్తుశకము 1369 నాటివి. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ ప్రాంతమును పాలించుచు, అనంతరాజసాగరమను పేర అచ్చట ఒక చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది పనివారును, నూరు బండ్లును రెండు సంవత్సరములు పనిచేయగా ఆ చెరువు పూర్తియైనదని శాసనము తెలుపుచున్నది. దానములను, వంశావళులను చెప్పు శాసనములు మన దేశమున వేలకొలదిగ కలవు. చెరువు ఎట్లుండవలెనో, ఎట్లుండరాదో కూడ చెప్పుట ఈ శాసనమునందలి విశేషము. మంచి చెరువునకు కావలసిన సాధనములు 12 అనియు, చెరువునకు కలుగు దోషములు 6 అనియు అందు లెక్కింపబడినవి.

ఆ దోషములలో మొదటిది కట్టనుండి నీరు కారుట. రెండవది చవుడు నేల. మూడవది రెండు రాజ్యముల యెల్లమీద నుండుట. నాలుగవది చెరువు నడుమ తాబేటి వీపువలె మెరక యుండుట. అయిదవది నీరు కొంచెమై పారవలసిన నేల విస్తారమగుట. ఆరవది నేల కొంచెమై నీరు అధికమగుట. వీనిలో అయిదు దోషములు మట్టికి, రాతికి, నీటికి సంబంధించినవి. మూడవది మాత్రము మనుష్యులకు సంబంధించినది. ఎల్లమీది చెరువున నీరు చక్కగనే నిలుచును. కట్ట గట్టిగనే యుండవచ్చును. అయినను గండి పడిననాడు పూడ్చువా రెవరు? తూము తెరచు అధికార మెవరిది? ఎగువవాడు కల్మషము కలిపిన దిగువవాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను? అందరిదియైన నీరు ఎవరిదియు కాకపోవుటయే ఆ దోషము.

ఈ రజతోత్సవ సంచికను చేతబట్టిన పాఠకులు ఆ మూడవ దోషమువద్ద క్షణకాలము నిలువక తప్పదు. ఏలయన జుక్కల్ సీమ తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రములు మూడును కలియు చోట నున్నది. ఇచ్చటి సంతలో తెలుగు, మరాఠీ, కన్నడము, ఉర్దూ నాలుగును వినవచ్చును. శాసనకారుడు రెండు రాజ్యముల యెల్లకే భయపడెను. ఇచ్చట నున్నవి మూడు. అట్టి తావున త్రాగునీటిని కాపాడుకొనుట ఎట్లు? ఆ సంగతి తెలియుటకు ముందు ఈ యెల్లగీత ఇచ్చటికి ఎట్లు వచ్చినదో తెలియవలెను.

గీత కదలిన కథ

ఈ సీమకు ఎల్లల కలత కొత్తది కాదు. సమీపమునందలి కౌలాస్ దుర్గము కాకతీయ రాజ్యము పడిపోయిన తరువాత ఓరుగంటి కాపయ నాయకుని అధీనమున నుండెను. 1350 ప్రాంతమున బహమనీ రాజ్యస్థాపకుడగు అలాఉద్దీన్ హసన్ తెలంగాణముపై దండెత్తి రాగా, కాపయ నాయకుడు ఆ దుర్గమును వదలుకొనవలసి వచ్చెను. ఎల్లమీది కోట ముందుగా చేతులు మారుట రాజ్యధర్మము.

పిదప ఆసఫ్జాహీల కాలమున ఈ ప్రాంతమంతయు హైదరాబాదు రాజ్యములో చేరియుండెను. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. మంజీరా పుట్టిన బీడు జిల్లా, అది పారు ఉస్మానాబాదు, బీదరు, మెదకు, నిజామాబాదు, నాందేడు జిల్లాలు అన్నియు ఆనాడు ఒకే హైదరాబాదు రాజ్యములోనివి. పుట్టుక మొదలు సంగమమువరకు నదికి ఒకే దస్తరము, ఒకే కొలువు. జుక్కల్ అప్పుడు నిజామాబాదు జిల్లాలోనిది కాదు. నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో ఒక సర్కిలుగ నుండెను.

1956వ సంవత్సరపు రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టమున హైదరాబాదు రాజ్యము భాషలవారీగ మూడు భాగములాయెను. నాందేడు జిల్లా బొంబాయి రాష్ట్రమునకు చెందునని వ్రాసి, దెగ్లూరు తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను మినహాయించిరి. ఢిల్లీ చట్టసభ చేసిన శాసనములో జుక్కల్ పేరు అచ్చుపడుట అట్లు సంభవించెను. 1956 నవంబరు 1వ తేదీనుండి ఈ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోనివి. బీదరు జిల్లాలో కొంతభాగము మైసూరు రాష్ట్రమునకు పోయెను. అందలి నారాయణఖేడ్ తాలూకా ఇటు వచ్చెను. 1960లో బొంబాయి రాష్ట్రము విడిపోయి మహారాష్ట్రమేర్పడెను. 1973లో మైసూరు కర్ణాటకయయ్యెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రమేర్పడెను. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి జిల్లా ఏర్పడి జుక్కల్ అందులో చేరెను.

అరువది సంవత్సరములలో జిల్లా మారినది, రాష్ట్రము రెండు మారులు మారినది. రైతు తన చేనిలోనే యుండెను. వాగు తన పల్లమునే పారుచుండెను. పటములో గీత గీసిన కలము నీటిమీద గీత గీయలేకపోయెను.

నది త్రోవ

ఏ నేలమీద పడిన వాన ఏ నదిని చేరునో ఆ నేల యంతయు ఆ నదికి పరీవాహ ప్రాంతము. మంజీరా బీడు జిల్లాలో బాలాఘాట్ కొండలయందు గౌఖాడి గ్రామమువద్ద సముద్రమట్టమునకు సుమారు 823 మీటర్ల ఎత్తున పుట్టి, సుమారు 724 కిలోమీటర్లు ప్రవహించి, నిజామాబాదు జిల్లా కందకుర్తివద్ద గోదావరిలో కలియుచున్నది. మొదట తూర్పునకు, ఆగ్నేయమునకు పారి, సంగారెడ్డి ప్రాంతమున వెనుకకు మరలి ఉత్తరాభిముఖమగుట దీని వింత నడక. ఆ నడకలో లాతూరు, బీదరు, సంగారెడ్డి, కామారెడ్డి జిల్లాల నేలలు దీనికి నీరిచ్చుచు, దీని నీరు త్రాగుచు నున్నవి.

జుక్కల్ సీమ వానలును చివరకు మంజీరానే చేరును. కౌలాస్ నాలా అను వాగు సరిహద్దు నేలలనుండి దిగివచ్చి మంజీరాలో కలియుచున్నది. దానిపై జుక్కల్ మండలము సావర్గావ్ చెంత కౌలాస్ నాలా జలాశయము కట్టబడెను. దాని నిలువ సామర్థ్యము సుమారు 1.24 టి.ఎం.సి.; దాని క్రింది ఆయకట్టు సుమారు 9,000 ఎకరములు. టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. ఉత్తరమున లెండి యను మరియొక ఉపనది కలదు. దానిపై నాందేడు జిల్లా ముఖేడ్ తాలూకా గోనెగావ్‌వద్ద రెండు రాష్ట్రములు ఉమ్మడిగ ప్రాజెక్టు తలపెట్టినవి. కట్ట అచ్చట, పారు నేలలో కొంత ఇచ్చట.

తెలంగాణమువారు దిగువవారు, నష్టపడువారు అని తలచుట పరిపాటి. అది పూర్తి సత్యము కాదు. మంజీరాకు ఉపనదియగు కారంజ తెలంగాణములోని కోహీర్ ప్రాంతమున పుట్టి బీదరు జిల్లాలోనికి పోవుచున్నది. ఆ నీటి విషయమున తెలంగాణము ఎగువ, కర్ణాటక దిగువ. మంజీరా చేరిన గోదావరి ధవళేశ్వరమువరకు పోవును. ఆ తీరమువారందరకు జుక్కల్ రైతు ఎగువవాడే. నదికి ఎగువ, దిగువ యని రెండు జాతులు లేవు. ప్రతి గ్రామమును ఒకరికి దిగువ, మరియొకరికి ఎగువ.

సాగరము, పూడిక

పరీవాహమును కాపాడనిచో ఏమగునో తెలియుటకు ఈ సీమవారు దూరము పోనక్కరలేదు. నిజాం సాగరము చాలును. మంజీరాపై అచ్చంపేటవద్ద 1923లో పని ఆరంభించి 1931లో ముగించిరి. దానికి సూత్రధారి హైదరాబాదు రాజ్యపు ప్రఖ్యాత ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆ కట్ట ఎగువన సుమారు 21,700 చదరపు కిలోమీటర్ల నేలపై పడిన వాన ఆ సాగరమును చేరును. కట్టిననాటి నిలువ సుమారు 29.7 టి.ఎం.సి.

1970వ దశకమునాటికి ఆ నిలువలో సగమునకు పైగా పూడికచే తరిగిపోయెను. తరువాత కట్టను ఎత్తుచేయగా నిలువ సుమారు 17.8 టి.ఎం.సి.కి చేరినది. కట్టకు గండి పడలేదు, తూములు చెడలేదు. మరి నీటి చోటు ఎచ్చటికి పోయెను? ఎగువన అడవులు తరిగిన కొండవాలులనుండి, కట్టువ లేని చేలనుండి ఏటేట వానతో దిగిన మన్ను సాగరగర్భమున కూర్చున్నది. దూరపు చేని గట్టు తెగినప్పుడు ఆ చేనివాడు ఒక చారెడు మన్ను పోయెననుకొనును. అట్టి చారెడు చారెడు చేరి, ఒక రాజ్యము ఎనిమిదేండ్లు శ్రమించి కట్టిన సాగరములో సగమును కప్పివేసెను. జలాధారమును కాపాడుట యనగా నీరు నిలిచిన గుంటను మాత్రమే కాక, నీరు నడచివచ్చు నేలను కాపాడుటయని దీనివలన తెలియును.

పంపకము

నది మూడు రాష్ట్రములదైన పిమ్మట పంపకము తప్పలేదు. గోదావరి జలవివాదముల పరిష్కారమునకై 1969లో కేంద్రప్రభుత్వము న్యాయమూర్తి బచావత్ అధ్యక్షతన ట్రిబ్యునలును నియమించెను. దాని తుది తీర్పు 1980 జులై 7వ తేదీన వెలువడెను. అంతకుముందే 1975లో రాష్ట్రములు తమలో తాము కుదుర్చుకొన్న ఒడంబడికలు ఆ తీర్పునకు ఆధారములయ్యెను. నిజాం సాగరమునకు ఎగువన మంజీరా నీటిలో మహారాష్ట్ర 22 టి.ఎం.సి.ల వరకును, కర్ణాటక 13.1 టి.ఎం.సి.ల వరకును వాడుకొనవచ్చును. ఆంధ్రప్రదేశ్ సింగూరువద్ద 30 టి.ఎం.సి.ల జలాశయము కట్టుకొని, హైదరాబాదు నగరపు త్రాగునీటికి అందుండి 4 టి.ఎం.సి.లు తీసికొనవచ్చును.

వాదులాటలేక కూర్చుండి పంచుకొనుట మెచ్చదగిన పని. ఎల్లమీది దోషమునకు ఆనాటి పెద్దలు కనుగొన్న చికిత్స యది. అయినను ఆ లెక్క పరిమాణపు లెక్క. పరిమాణపు లెక్కకు రెండు కొరతలు కలవు. వాన రానిచో పంచుటకు నీరుండదు. వచ్చిన నీరు చెడినచో పంచుకొన్నందువలన ఫలము లేదు. ఆ రెండు కొరతలును మంజీరా తీరమున కంటికి కనబడినవి.

వాన రాని యేడు

లాతూరు పట్టణమునకు త్రాగునీరు బీడు జిల్లా ధనేగావ్‌వద్ద కట్టిన మంజీరా ఆనకట్టనుండి వచ్చును. వరుసగ వానలు తప్పుటచే 2016లో ఆ జలాశయము ఎండిపోయెను. 2016 ఏప్రిల్ 12వ తేదీన కృష్ణాతీరపు మిరజ్ నుండి, దాదాపు 340 కిలోమీటర్ల దూరము, 10 వ్యాగన్లతో నీళ్ళబండి లాతూరు చేరెను. ఆ బండి తెచ్చినది సుమారు 5 లక్షల లీటర్లు. 2011 జనగణన ప్రకారము ఆ పట్టణమున 3 లక్షల 80 వేలకు పైగా జనులు కలరు. లెక్కవేసి చూచిన తలకు లీటరున్నర కూడ రాదు. తరువాత 50 వ్యాగన్ల బండ్లు నడచినను, నదికి సమీపమున నున్న పట్టణము రైలుపట్టాలవైపు చూచి దాహము తీర్చుకొనవలసి వచ్చెను.

ఆ కాలముననే దిగువన సింగూరు, నిజాం సాగరములు రెండును ఎండెను. 1965నుండి కలబ్‌గూరు ఆనకట్టద్వారా మంజీరా నీరు త్రాగిన హైదరాబాదు కృష్ణా, గోదావరులపై ఆధారపడవలసి వచ్చెను. పట్టణములకు రైలు వచ్చును, వేరొక నది వచ్చును. గ్రామమునకు ఏది వచ్చును? అట్టి యేట గ్రామమును నిలుపునది దాని స్వంత బావి, స్వంత చెరువు, వాగు ఇసుకలో తీసిన చెలిమె. అందువలననే దూరపు నీరు వచ్చినను దగ్గరి నీటిని వదలరాదు.

చెడిన నీరు

రెండవ కొరతకు నిదర్శనము పటాన్‌చెరువు. 1970వ దశకమునుండి ఆ ప్రాంతమున పరిశ్రమలు వెలసి వేలమందికి పని కల్పించెను. వాని వ్యర్థజలము వాగులలోనికి, నక్కవాగులోనికి, అచ్చటనుండి మంజీరాలోనికి చేరెను. పల్లెలలో బావినీరు రంగు మారెను. పొలములు చవుడు బారెను. 1990లో ఆ మొర సర్వోన్నత న్యాయస్థానమునకు చేరెను. వ్యర్థములను శుద్ధిచేయు కేంద్రము 1994లో వచ్చెను. చెడుటకు పట్టిన కాలముకంటె బాగుపడుటకు పట్టు కాలము ఎన్నో రెట్లు. పైనున్న నీరు ఒక వరదతో కడిగికొనిపోవును గాని, భూమిలోనికి దిగిన విషము తరములు నిలుచును.

అదే హైదరాబాదు చెంత దీనికి భిన్నమైన మార్గమును చూపిన ఉదాహరణ కూడ కలదు. 1908 సెప్టెంబరునాటి మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) ఆ నగరమునకు త్రాగునీటి చెరువులు. వాని పరీవాహమున 10 కిలోమీటర్ల మేర 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను నిషేధించుచు ప్రభుత్వము 1996 మార్చి 8వ తేదీన 111వ సంఖ్యగల ఉత్తరువును ఇచ్చెను. అనుమానాస్పదమైన పరిశ్రమ తనవలన హాని లేదని తానే రుజువు చేసికొనవలెనన్న ధర్మమును సర్వోన్నత న్యాయస్థానము 1999లో ఆ చెరువుల వ్యాజ్యముననే ప్రకటించెను. నీరు చెడిన తరువాత మందు వెదకుటకంటె చెడకముందే హద్దు గీయుట మేలని ఆ ఉత్తరువు భావము. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము ఆ ఆంక్షలను సడలించెను. హద్దు గీయుట కష్టము. గీసిన హద్దును నిలుపుట అంతకంటె కష్టము.

పాతకాలపు బావి

వెనుకటివారికి ఈ విచారము లేదని తలచరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున వీథిలో చెత్త పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండన. పుణ్యస్థలమునందు, జలాశయమునందు, దేవాలయమునందు, రాజగృహమునందు మలవిసర్జనము చేసినవానికి ఒక పణము మొదలుకొని హెచ్చుచు పోవు దండన. దేవాలయమునకును జలాశయమునకును ఒకే పంక్తిలో చోటిచ్చుట గమనింపదగినది. సప్తసంతానములలో తటాకమును చేర్చి, కన్నకొడుకుతో సమానముగ ఎంచిరి. తెలంగాణపు పల్లెలలో చెరువును కనిపెట్టి తూము తీయుటకు నీరటి యుండెను. చెరువు శిఖము ఎంతవరకో, వాగు పోరంబోకు ఎంతవరకో సేత్వారులో, గ్రామపు నక్షాలో వ్రాసియుంచిరి.

అయితే పాతదంతయు మేలని పొగడుట చరిత్ర కాదు. పాత బావికి రెండు కళంకములు కలవు.

మొదటిది రోగము. మెట్లబావిలో జనులు కాలుపెట్టి దిగి నీరు ముంచుకొనెడివారు. నారికురుపు గలవాని కాలు నీట తగిలినంతనే ఆ కురుపులోని పురుగు తన పిల్లలను నీటిలో విడుచును. కంటికి కనబడీకనబడని నీటిపురుగు వానిని మ్రింగును. ఆ నీరు త్రాగినవానికి ఏడాది తిరుగునప్పటికి నారి లేచును. ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఏడు రాష్ట్రములలో ఈ రోగముండెను. 1983–84లో దేశవ్యాప్తముగ నిర్మూలనోద్యమము మొదలిడి, మెట్లబావులను చేదబావులుగ మార్చి, నీటిని గుడ్డతో వడియగట్టుట నేర్పిరి. 1996 తరువాత దేశమున ఆ రోగము కనబడలేదు. 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మాటను ధ్రువపరచెను. దానికి టీకా లేదు, మందు లేదు. బావిని కాపాడుటయే మందు.

ఈ సత్యమును లండను నగరము 1854లో తెలిసికొనెను. బ్రాడ్ వీథిలో కలరా సోకి 600 మందికి పైగా మరణించిరి. దుర్గంధపు గాలివలన కలరా వచ్చునని ఆనాటి వైద్యుల నమ్మకము. జాన్ స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను లెక్కించి, వారిలో పెక్కురు ఒకే బోరింగు నీరు త్రాగినట్లు చూపెను. సెప్టెంబరు 8వ తేదీన దాని పిడి ఊడదీసిరి. తరువాత త్రవ్విచూడగా, ఆ బావికి మూడడుగుల దూరములోపల ఒక యింటి మురుగుగుంట ఊరుచుండెను. ఊరినంతటిని చంపుటకు దూరపు శత్రువు అక్కరలేదు. ప్రక్కయింటి మురుగుగుంట చాలును.

రెండవ కళంకము రోగముకంటె క్రూరమైనది. ఊరిబావి ఊరివారందరిది కాదు. నీటికై బావి గట్టుదూరమున నిలిచి, ఎవరైన కనికరించి పోయువరకు కడవతో వేచిన తల్లులు ఈ దేశమున కోట్లమంది. 1927 మార్చి 20వ తేదీన డాక్టరు అంబేడ్కరు మహాడ్‌లో వేలమందితో నడచిపోయి చౌదారు చెరువు నీటిని దోసిట త్రాగెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము ప్రజల సొమ్ముతో నిలిచిన బావులనుండి, చెరువులనుండి ఎవరిని జాతి, కులభేదముచే తొలగించరాదని శాసించినది. పోరుమామిళ్ళ శాసనము చెప్పిన మూడవ దోషము రెండు రాజ్యముల నడుమనే కాక రెండు వాడల నడుమ కూడ ఉండెనని ఒప్పుకొనవలెను. మహారాష్ట్రమువారు నీరు వదలలేదని మొరపెట్టు గ్రామము ముందుగా తన వాడలన్నిటికి ఒకే కొళాయి నీరు, ఒకే గంటకు వచ్చుచున్నదా యని చూచుకొనుట న్యాయము.

గొట్టము వచ్చిన పిమ్మట

2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేల్ చెంత కోమటిబండలో మిషన్ భగీరథ ఆరంభమయ్యెను. పెద్ద జలాశయముల నీరు శుద్ధియై గొట్టములద్వారా ఇంటింటికి వచ్చుట సామాన్యమైన మేలు కాదు. తలపై మూడు కడవలు పేర్చుకొని నడచిన స్త్రీల మెడనొప్పి ఎరిగినవారు దానిని తక్కువచేసి మాటాడరు. అంతకుముందు 2015 మార్చి 12వ తేదీన ఈ జిల్లా సదాశివనగర్ పాతచెరువువద్దనే మిషన్ కాకతీయ మొదలై, 46 వేలకు పైగా చెరువుల పూడికతీతకు సంకల్పము జరిగినది.

గొట్టము వచ్చుటతో ఒక అపాయము కూడ వచ్చెను. ఇంటిలో నీరు పడగానే ఊరిబావి చెత్తకుండియాయెను. గిలక ఊడినది, ఒర కూలినది, పగిలిన సీసాలు, పురుగుమందు డబ్బాలు అందు చేరినవి. బావిలో పోసినది బావిలో నుండదు. జుక్కల్ సీమలో నేల నల్లరేగడి. దాని క్రింద దక్కను పీఠభూమి నల్లరాయి. ఈ రాతిలో నీరు దిగువ ఇసుకలోవలె వడిసి పోదు, నెఱ్ఱెలవెంట పరుగిడును. అందువలన ఒక బావిలో పడిన విషము వడియగట్టబడకయే ప్రక్క బోరులోనికి పోగలదు. గొట్టపు నీటికి మూలమైన జలాశయమునకు ఒక యేడు వాన తప్పినచో ఊరు తిరిగి ఆ బావి ముఖమే చూడవలెను. అప్పుడు అది ఏ ముఖము చూపును?

2002లో వచ్చిన వాల్టా చట్టము, అనగా జల, భూమి, వృక్ష చట్టము, దీనికి కొంత ఉపాయము చెప్పినది. సార్వజనిక త్రాగునీటి ఆధారమునకు 250 మీటర్ల లోపల అనుమతి లేక వేరొకరు సేద్యమునకు బోరు వేయరాదు. చట్టము పుస్తకమున నున్నది. అయితే 250 మీటర్లు కొలువవలెనన్న, ఏది సార్వజనిక ఆధారమో ముందు తెలియవలెను. ఊరిలో ఎన్ని బావులున్నవి, అవి ఏ సర్వే నంబరులోనివి, ఏ వేసవిలో ఎంత లోతున నీరుండెను అను సంగతులు వ్రాసియుండని చోట చట్టము చేతులు కట్టుకొని నిలుచును. కొలత లేనిదే హద్దు లేదు. హద్దు లేనిదే రక్షణ లేదు.

పండ్రెండవ సాధనము

ఇచ్చట గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ఇరువదియైదు సంవత్సరములు పుస్తకములను కాపాడిన సంస్థ ఒక క్రొత్త పుస్తకమును తానే వ్రాయింపవచ్చును. దాని పేరు జలాధారముల పుస్తకము. ప్రతి గ్రామమునకు ఒక పుట. అందు ప్రతి బావి, చెరువు, కుంట, వాగు, బోరు పేరు. అది ఏ నేలలో నున్నది. దాని నీరు ఎచ్చటినుండి వచ్చును. దాని చుట్టు 250 మీటర్లలో ఏమేమి కలవు. ఉగాదినాడును, దసరానాడును నీరెంత లోతున నున్నది. దీనికి ధనము అక్కరలేదు. ఒక కొలతత్రాడు, ఒక కలము, బడిపిల్లల కాళ్ళు చాలును. పెద్దలు చెప్పగలిగినంతలో పూడిపోయిన బావుల పేర్లును వ్రాయవలెను. పేరు పోయిన బావిని త్రవ్వువా రెవరునుండరు.

ఆ పుస్తకమునకు ఒక ప్రతి తీసి ఎల్ల కావలి గ్రామములవారికి పంపవచ్చును. దెగ్లూరువైపు మరాఠీలో, ఔరాద్‌వైపు కన్నడములో వారును వ్రాసికొని ఒక ప్రతి ఇటు పంపవచ్చును. సంతకు కలిసి పోవువారు, పిల్లనిచ్చి పుచ్చుకొనువారు వాగును గురించి మాటాడుకొనుటకు ట్రిబ్యునలు అక్కరలేదు. ఎగువ గ్రామము చేలగట్లు వేసిన దిగువ జలాశయమున పూడిక తగ్గును. దిగువ గ్రామము చెరువు నింపుకొన్న ఎగువ బావులలోను ఊట నిలుచును. ఒడంబడిక ఎప్పుడును రాజధానులలోనే పుట్టవలెనన్న నియమము లేదు.

పోరుమామిళ్ళ శాసనము చెప్పిన 12 సాధనములలో మొదటిది ధర్మాత్ముడైన రాజు. రెండవది జలశాస్త్రమెరిగిన విద్వాంసుడు. నడుమ నేల, నది, కొండ, రాయి వచ్చును. చిట్టచివరిది పని నేర్చిన జనసమూహము. రాజు తన వంతు చేసెను. జలాశయములు లేచెను, గొట్టములు వచ్చెను, చట్టములు వచ్చెను. విద్వాంసులు తమ వంతు చెప్పిరి. జుక్కల్ సీమలో ఇంకను పూర్తిగ సమకూరవలసినది ఆ పండ్రెండవది. అది సమకూరిననాడు ఎల్లమీద నుండుట యను మూడవ దోషము తనంతట తాను తొలగిపోవును. ఏలయన నీటి కిరుప్రక్కల నున్నవారు ఒకరినొకరు ఎరిగియున్నచోట ఎల్ల యనునది పటములో మాత్రమే మిగులును.